వరండా గోడకు వారం రోజులు

విశాఖపట్నంలోని మన కళాశాల వార్షికోత్సవాలనగానే చాలామంది మిత్రులకు సాయంకాలపు వేదిక గుర్తుకు వస్తుంది. నాటికలు, ఏకపాత్రాభినయాలు, లలిత సంగీతం పోటీలు, బహుమతి ప్రదానాలు మొదలైన వాటిని గురించి నాకంటే అధికారంతో రాయగలవారు పూర్వ విద్యార్థుల సమ్మేళనం కోసం వస్తున్న ఈ సంచికలోనే ఉన్నారు కనుక, ఆ ఉత్సవాలతో పాటే వృక్షశాస్త్ర విభాగం ముందరి పొడవాటి వరండాలో ఏటా వారం రోజుల పాటు జరిగిన చిత్రకళా ప్రదర్శనను గురించి మాత్రమే నేను రాయదలచుకున్నాను. 1980ల చివరి భాగంలో ఇక్కడ బి.ఎస్సీ. చదివిన నాకు, ఒక బొమ్మ ముందు నిలబడి చూడడం ఎలాగో నేర్పినది ఆ వరండాయే. నేను చిత్రకారుణ్ణి కాను. బొమ్మలు మోయడం, వేలాడదీయడం, వాటి దగ్గర స్టూలు వేసుకొని కాపలా ఉండడం నాకు అప్పగించిన పనులు. అందువల్ల బొమ్మలతో పాటు, వాటిని చూడవచ్చిన వాళ్లను గమనించే అవకాశం కూడా నాకు పుష్కలంగా దొరికింది.

అప్పట్లో ప్రదర్శనకంటూ ప్రత్యేకమైన హాలు లేదు. ఉన్న ఒక్క సభామందిరం నాటికల రిహార్సల్స్‌కే చాలేది కాదు. వరండాలో పెట్టడానికి కారణం ఆ కొరతే అయినా, అంతకంటే మంచి చోటు కళాశాలలో మరొకటి ఉండేది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. గ్రంథాలయానికి వెళ్లాలన్నా, ఫీజు కట్టడానికి ఆఫీసుకు వెళ్లాలన్నా, క్యాంటీన్‌కు వెళ్లాలన్నా ఆ వరండా దాటక తప్పదు. చిత్రకళ మీద ఏ ఆసక్తీ లేని విద్యార్థి కూడా ఆ వారమంతా రోజూ పలుమార్లు ఆ బొమ్మల పక్కనుంచే నడిచేవాడు. మొదటి రోజు తల తిప్పని వాళ్లు మూడో రోజుకు ఆగడం నేను కళ్లారా చూశాను.

పనులు పది రోజుల ముందే మొదలయ్యేవి. మాలో ఇద్దరు ముగ్గురు పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి అట్టలు, పురికొస, సన్న మేకులు, చెక్క బద్దలు తెచ్చేవారు. బొమ్మలకు అట్టలు కట్టే పని దగ్గరుండి చేయించినది ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి విరమించిన పెద్దాయన. ఆయనకు కళాశాల నుంచి జీతమేమీ లేదు, అయినా ఏటా వచ్చేవారు. సముద్రం పక్కనున్న ఊళ్లో కాగితం మీద వేసిన బొమ్మను కాపాడుకోవడం ఎంత శ్రమో ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. విశాఖ గాలిలోని తేమను కాగితపు పీచు పీల్చుకొని సాగుతుంది. అన్ని చోట్లా ఒకే విధంగా సాగదు కనుక కాగితం అలలు తేలుతుంది. నాలుగు అంచులూ జిగురుతో అట్టకు అంటించేస్తే సాగడానికి చోటు లేక నడిమి భాగం ఉబ్బుతుంది. అందుచేత పై అంచును మాత్రం రెండు చోట్ల పలుచని కాగితపు పట్టీలతో అతికించి, మిగతా మూడు అంచులనూ వదిలేయాలని ఆయన నియమం. అద్దం నేరుగా బొమ్మను తాకితే లోపల చేరిన చెమ్మకు బూజు మచ్చలు పడతాయి కాబట్టి, చుట్టూ అట్ట చట్రం కత్తిరించి పెట్టి రెంటికీ మధ్య ఎడం ఉంచేవాళ్లం.

ఈ పనిలో రసాయన శాస్త్ర విద్యార్థులమైన మాకు ఒక గౌరవప్రదమైన స్థానం దక్కింది. ప్రయోగశాలలో వాడే నీలిరంగు సిలికా జెల్ గుళికలను చిన్న గుడ్డ మూటలుగా కట్టి, రాత్రిపూట బొమ్మలు దాచే బీరువాలో ఉంచేవాళ్లం. తేమ పీల్చుకున్న కొద్దీ ఆ గుళికలు గులాబి రంగుకు మారతాయి. వాటిని మళ్లీ ఓవెన్‌లో వేడిచేస్తే నీలిరంగు తిరిగి వస్తుంది. నూనె రంగులు నీళ్లు ఆరినట్టు ఆరవని, అందులోని అవిసె నూనె గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడాలని, మందంగా పూసిన పొరకు అందుకు వారాలు పడుతుందని మాస్టారు చెప్పినప్పుడు, తరగతిలో చదివిన ఆక్సీకరణం మాకు మొదటిసారి కంటికి కనిపించింది.

వేలాడదీయడం ఇంకొక విద్య. రాతి గోడకు మేకులు దిగవు, దిగినా ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకోరు. పైకప్పు దూలాల కొక్కేలకు చెక్క బద్దలు కట్టి, వాటి నుంచి పురికొసతో పటాలను దించేవాళ్లం. పెద్ద బొమ్మ అయినా చిన్న బొమ్మ అయినా, దాని నడిమి బిందువు నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తున, అంటే నిలబడిన మనిషి చూపుకు ఎదురుగా ఉండాలి. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక దారం లాగి కట్టి, పటాల నడిమి భాగాలన్నీ ఆ దారం మీదికి వచ్చేలా సరిచేసేవాళ్లం. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో తేలేదాకా అన్నింటినీ ముందు నేల మీద పరిచి, అటూ ఇటూ మార్చి చూసేవాళ్లం. ముదురు ఎరుపు బొమ్మ పక్కన లేత నీటిరంగుల బొమ్మ పెడితే రెండోది వెలవెలబోతుందని, ఆ రెంటినీ దూరం చేస్తే రెండూ నిలబడతాయని అక్కడే తెలిసింది. ప్రతి బొమ్మ కింద వేసినవారి పేరు, తరగతి, బొమ్మ పేరు, వాడిన రంగుల రకం, కొలతలు, సంవత్సరం రాసిన చీటీ ఉండేది. చీటీ రాసే పనిని మాస్టారు చేతిరాత బాగున్నవాళ్లకు కాక, నెమ్మదిగా రాసేవాళ్లకు ఇచ్చేవారు.

ప్రారంభోత్సవం రోజు ముఖ్య అతిథి వచ్చి, రిబ్బను కత్తిరించి, వరుసగా నడుచుకుంటూ వెళ్లిపోయేవారు. ఆ రోజు బొమ్మను చూసినవారు తక్కువ. అసలైన ప్రేక్షకులు ఆ తరువాత వచ్చేవారు. ఆఫీసులో అటెండరుగా పనిచేసే ఒకాయన మత్స్యకారులుండే పెద జాలారిపేట నుంచి వచ్చేవాడు. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకామె వేసిన, కెరటాల్లో తెప్ప ఉన్న నీటిరంగుల చిత్రం ముందు ఆయన వరుసగా రెండు మూడు రోజులు ఆగడం చూసి నేనే పలకరించాను. "బొమ్మ బాగుంది బాబూ, కానీ ఒడ్డు కెరటంలో తెప్ప ఇలా అడ్డంగా ఉండదు. ఉంటే బోల్తా కొట్టేస్తాది. ముక్కు కెరటానికి ఎదురుండాల" అన్నాడు. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. ఆయన దగ్గరకు వెళ్లి, నోట్‌బుక్ తీసి, తెప్ప దుంగలను ఎలా కడతారో, తెడ్డు ఎటు పడుతుందో అడిగి గీసుకుంది. మరుసటి ఏడాది ప్రదర్శనలో ఆమె పెట్టిన తెప్ప బొమ్మ ముందు ఆయన తన ఇంటివాళ్లను తీసుకొచ్చి నిలబెట్టాడు. ఒక్కరోజు ప్రదర్శనలో ఈ సంభాషణకు తావు ఉండదు. మొదటి రోజు ఆయన బొమ్మను చూశాడు, రెండో రోజు తప్పును చూశాడు, మూడో రోజు చెప్పగలిగాడు.

ఆ ఏళ్లలోనే సెలవు దినాల్లో మేము ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణానికి వెళ్లడం అలవాటు చేసుకున్నాం. 1926లో బెజవాడలో ఏర్పడి ఆ తరువాత వాల్తేరుకు తరలివచ్చిన ఆ విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్). పెద్దవాళ్లు దానిని ఇప్పటికీ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అనే అంటారు. ఉదయిస్తున్న సూర్యుడు, పద్మం, స్వస్తిక, రెండు సర్పాలు ఉన్న దాని చిహ్నాన్ని కట్టమంచి వారి ఆలోచనలకు రూపమిస్తూ కౌతా రామమోహన శాస్త్రిగారు చిత్రించారు. "తేజస్వి నావధీతమస్తు" అన్న వాక్యంతో పాటు ఆ చిత్రం మన డిగ్రీ పట్టాల మీద కూడా ఉంది. పట్టా పుచ్చుకున్న ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఒక చిత్రకారుడి పని ఉందన్న మాట మనం ఎప్పుడూ తలచుకోము. ఆ విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామిగారు కళాశాలల మధ్య నాటక పోటీలు పెట్టించి, ఊళ్లన్నింటి నుంచీ విద్యార్థి నటులను రప్పించిన సంగతి మా మాస్టారు తరచూ చెప్పేవారు. ఆరుబయటి రంగస్థలం మెట్ల మీద కూర్చొని నాటకం చూసిన రాత్రులు నాకూ ఉన్నాయి. అయినా నన్ను ఎక్కువగా లాక్కుపోయినది లలితకళల విభాగం. అక్కడ చెట్ల కింద సగం చెక్కిన రాళ్లు, ప్లాస్టర్ అచ్చులు, సంవత్సరాంతపు ప్రదర్శనకు ఆరబెట్టిన ముద్రణ చిత్రాలు కనిపించేవి. జింకు పలక మీద మైనం పొర పూసి, సూదితో గీత గీసి, ఆమ్లంలో ముంచితే గీత ఉన్నచోట మాత్రమే లోహం కరుగుతుందని, ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద ఒత్తితే బొమ్మ అచ్చవుతుందని అక్కడి విద్యార్థులు ఓపికగా చూపించారు. ఆ విశ్వవిద్యాలయంలోనే చదివి, బరోడాలో పై చదువు పూర్తిచేసి, తిరిగి ఇక్కడికే వచ్చి బోధించిన చిత్రకారుడు వి. రమేశ్‌గారి పేరు ఈనాడు దేశమంతటా తెలుసు.

ఇది ఈ ఒక్క ఊరి కథ కాదు. కోస్తా ఆంధ్రంలో ఆధునిక చిత్రకళ చాలావరకు కళాశాలల ఆవరణల్లోనే మొలకెత్తింది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు కావడం వల్లనే, దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్లేందుకు దారి చూపగలిగాడు. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన రామారావుగారు ఆ కొద్ది కాలంలో వేసిన చిత్రాలు నేటికీ రాజమహేంద్రవరంలో ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నాయి. అదే కూల్డ్రే ప్రోత్సాహం పొందిన అడివి బాపిరాజుగారు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ వద్ద చిత్రకళను అభ్యసించి, తరువాత ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. గ్యాలరీలు లేని ఊళ్లలో, కొనేవాళ్లు లేని కాలంలో, ఒక అధ్యాపకుడు చేయూత ఇవ్వడంతో ఇంత జరిగింది.

మన ప్రదర్శనలో నాకు బాగా నచ్చిన మార్పు, ఒక ఏడాది ఏటికొప్పాక నుంచి ఒక కళాకారుడిని పిలిపించి లక్క బొమ్మల పనిని వరండాలోనే చేయించడం. అంకుడు కర్రను తిప్పుతూ ఉలితో ఆకారం తెచ్చి, అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కను ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. వృక్షశాస్త్రం వాళ్లు ఆ చెట్టు ఆకులను, కాయలను తెచ్చి పక్కన పెట్టారు. వరాహ నది ఒడ్డున తరతరాలుగా సాగుతున్న ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు నాకు ఆ చెక్క పొట్టు వాసన గుర్తుకు వచ్చింది. అదే ఏడాది హాస్టల్లోని అరకు, పాడేరు ప్రాంతాల విద్యార్థులు మైదానంలో తమ గిరిజన నృత్యం థింసా ఆడారు. నడుముల వెనుక చేతులు కలుపుకొని, తుడుము, డప్పు, మోరి మోతకు వంకరలు తిరుగుతూ సాగే ఆ వరుసను వేదిక మీద పెడితే సగం అందం పోతుంది. నేల మీద, చుట్టూ జనం నిలబడినప్పుడే అది పూర్తిగా కనిపిస్తుంది. చివరకు చూసేవాళ్లు కూడా ఆ వరుసలో కలిశారు.

ఆ తరువాతి కాలంలో యువజనోత్సవాల పోటీలు పెరిగాయి. అక్కడికక్కడే చిత్రలేఖనం, కొల్లాజ్, పోస్టరు, మట్టి బొమ్మలు, కార్టూను వంటి విభాగాల్లో విద్యార్థులు రెండున్నర గంటల్లో పని ముగించాలి. ఒత్తిడిలో చేయి తడబడకుండా పనిచేయడం అక్కడ అలవడుతుంది, ఇతర ఊళ్ల విద్యార్థుల పని చూసే అవకాశం కలుగుతుంది, వాటి విలువను నేను తగ్గించను. కానీ ఫలితాలు ప్రకటించాక ఆ కాగితాలు చుట్టలుగా చుట్టి బీరువాలోకి పోతాయి. ముగ్గురు న్యాయనిర్ణేతలు చూసిన బొమ్మను మూడు వందల మంది సహాధ్యాయులు చూడరు. ప్రదర్శన పోటీకి అనుబంధంగా మిగిలిపోవడం, ఆ తరువాత ఒకే పూటకు కుదించుకుపోవడం మన కళాశాలలోనూ జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి చెట్లను కూల్చినప్పుడు మన వరండా పైకప్పు కూడా దెబ్బతిన్నది. బాగుచేసిన తరువాత దూలాలకు కొక్కేలు లేవు.

ఈ మధ్య కళాశాలకు వెళ్లినప్పుడు విద్యార్థులు తమ ఫోన్లలో దాచుకున్న బొమ్మలు చూపించారు. మా కాలంలో కంటే బాగా వేస్తున్నారు, ఎక్కువమంది వేస్తున్నారు. తెర మీద చూసిన బొమ్మకు కొలత ఉండదు, అంటే అర అడుగు బొమ్మా ఆరు అడుగుల బొమ్మా ఒకటే అవుతాయి. కాగితపు గరుకు, రంగు మందం కనిపించవు. వాళ్లకు కావలసినది గోడ, దానికి తోడు కొన్ని రోజుల వ్యవధి.

పూర్వ విద్యార్థుల సంఘం ముందు నేను పెట్టే ప్రతిపాదన పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వరండాలో మళ్లీ కొక్కేలు, బద్దలు అమర్చి, ఎండ నేరుగా పడని వైపు వెలుతురు సరిచేసి, ప్రతి సంవత్సరం వార్షికోత్సవానికి ముందు వారం పూర్తిగా ప్రదర్శనకు కేటాయించాలి. విద్యార్థులతో పాటు బోధనేతర సిబ్బంది, వారి పిల్లలు వేసిన బొమ్మలకు కూడా చోటు ఇవ్వాలి. ఏటా ఒక చేతిపని కళాకారుడిని పిలిచి, దారి ఖర్చులే కాక రోజు కూలికి తగ్గని గౌరవ వేతనం ఇవ్వాలి. పెట్టిన ప్రతి బొమ్మనూ ఫోటో తీసి, చీటీలోని వివరాలతో సహా గ్రంథాలయంలో భద్రపరచాలి. మొదటి ఏడాది అట్టలకు, అద్దాలకు అయ్యే ఖర్చు మా బ్యాచ్ మిత్రులం భరించడానికి సిద్ధంగా ఉన్నాం. 1980ల, 90ల నాటి ప్రదర్శనల్లో పెట్టిన బొమ్మలు ఎవరి ఇళ్లలోనైనా ఉంటే, రంగు వెలిసినవైనా, అంచులు చిరిగినవైనా, సమ్మేళనం నాటికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను. అట్టలు కట్టే పని ముందురోజు ఉదయం పది గంటలకు వృక్షశాస్త్ర విభాగం ముందు మొదలుపెడదాం.