పాత పీఎల్‌సీ పాస్‌వర్డ్ పోయినప్పుడు

మా ప్లాంటులోని పాత పీఎల్‌సీకి (యంత్రాలను నడిపించే పారిశ్రామిక కంట్రోలర్‌కు) పాస్‌వర్డ్ పెట్టిన ఇంజనీరు ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. ప్యానెల్ తలుపు లోపల అంటించిన కాగితం మీద అక్షరాలు నూనె మరకల్లో కలిసిపోయాయి. ఇలాంటప్పుడు ఇంటర్నెట్‌లో అమ్మే పాస్‌వర్డ్ క్రాకర్‌ను కొనాలనిపిస్తుంది, కానీ దయచేసి ఆగండి. 2022లో పారిశ్రామిక సైబర్ భద్రతా సంస్థ డ్రాగోస్ పరిశోధకులు డైరెక్ట్‌లాజిక్ 06 అనే పీఎల్‌సీ కోసం తయారైన అలాంటి సాధనాన్ని పరిశీలించినప్పుడు, అది పాస్‌వర్డును ఛేదించడం లేదని, ఫర్మ్‌వేర్‌లోని (కంట్రోలర్‌లోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్‌లోని) లోపాన్ని వాడుకుని కంట్రోలర్ నుంచే దాన్ని రాబడుతోందని, పనిలో పనిగా ఇంజనీరింగ్ కంప్యూటర్‌లో సాలిటీ అనే మాల్‌వేర్‌ను దించుతోందని తేలింది. పాస్‌వర్డ్ సరిగ్గానే దొరుకుతుంది కనుక ఎవరికీ అనుమానం రాదు; ఆ ల్యాప్‌టాప్‌నే మరునాడు మరో యంత్రానికి తగిలిస్తాం. మేము అలాంటి సాధనం జోలికి పోకుండా పీఎల్‌సీ మెమరీని పూర్తిగా చెరిపి, వైరింగ్ డ్రాయింగుల ఆధారంగా ల్యాడర్ ప్రోగ్రామ్‌ను (పీఎల్‌సీ ఏం చేయాలో చెప్పే, నిచ్చెన ఆకారపు ప్రోగ్రామ్‌ను) మళ్లీ రాసుకున్నాం. కొత్త పాస్‌వర్డ్ ఇప్పుడు సీలు వేసిన కవరులో, బీరువాలో ఉంది.