వదిలేసిన పుటల జాబితా

గ్రూప్-2 పరీక్షకు సిద్ధమవుతున్న రోజుల్లో, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని రాజ్యాంగాన్ని మొదటి పుట నుంచి వరుసగా చదవడం మొదలుపెట్టాను. ఇరవై రోజులు గడిచినా ప్రాథమిక హక్కులు దాటలేదు. అప్పటికే మొదట చదివిన పౌరసత్వం అధికరణాలు మరుపున పడ్డాయి. పక్క బల్ల దగ్గర చదువుకునే ఒక అన్న నా అవస్థ గమనించి, "తమ్మీ, పాత ప్రశ్నపత్రాలు ముంగటేసుకొని చదువు, ఏది ఎంత లోతుగ చదవాల్నో నీకే తెలుస్తది" అన్నాడు.

మర్నాడు ఒక గంటసేపు విషయసూచిక ఒక్కటే చదివాను. 1950లో 395 అధికరణాలు, 22 భాగాలు, 8 షెడ్యూళ్లతో అమలులోకి వచ్చిన ఆ గ్రంథంలో 12 నుంచి 35 వరకు ప్రాథమిక హక్కులని, 36 నుంచి 51 వరకు ఆదేశిక సూత్రాలని, 52 నుంచి కేంద్రం గురించి, 152 నుంచి రాష్ట్రాల గురించి ఉంటుందని తెలిశాక, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లతో చూసి సాగిపోవాలో నిర్ణయించుకోవడం సాధ్యమైంది. 1956లో రద్దయిన ఏడో భాగానికి ఒక్క వాక్యం రాసుకుని ముందుకు వెళ్లాను.

అలా మిగిలిన సమయాన్ని 371-డి అధికరణం వంటి వాటికి ఇచ్చాను. చదవడానికి ముందే నోటుబుక్కు ఎడమవైపు మూడు ప్రశ్నలు రాసుకున్నాను: ఇది ఎందుకు వచ్చింది, ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి ఏ అధికారం ఇస్తుంది? 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తరువాత కుదిరిన ఆరు సూత్రాల పథకాన్ని అనుసరించి 1973 నాటి 32వ సవరణతో ఇది చేరిందని, విద్య, ఉద్యోగాల్లో వివిధ ప్రాంతాల వారికి సమాన అవకాశాలు కల్పించేందుకు రాష్ట్రపతి ఉత్తర్వులు ఇవ్వవచ్చని, 2014 విభజన తరువాత రెండు రాష్ట్రాలకూ వర్తిస్తోందని కుడివైపు రాసుకునేసరికి ఒక సాయంత్రం పట్టింది. నేను రాయబోయే ఉద్యోగ ప్రకటనలోని స్థానికత నిబంధనకు మూలం అక్కడే ఉంది కనుక ఆ సాయంత్రం వృథా అనిపించలేదు.

పుస్తకాన్ని పైపైన చూడడం, ప్రశ్నలు వేసుకోవడం, చదవడం, చూడకుండా అప్పజెప్పుకోవడం, తిరిగి సరిచూసుకోవడం అనే ఐదు మెట్ల పద్ధతిని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లోనే వివరించారని తరువాత తెలిసింది. వాటిలో నాకు ఎక్కువ మేలు చేసింది అప్పజెప్పుకోవడం. పుస్తకం మూసి, ఎడమవైపు ప్రశ్నలు మాత్రమే చూస్తూ జవాబులు చెప్పుకుంటే, వచ్చినదేదో, వచ్చిందని భ్రమపడినదేదో వెంటనే తేలిపోయేది. కథలను, కవిత్వాన్ని మాత్రం నేను ఇలా చదవను. వాటిలో దాటవేసిన చోటే అసలు సంగతి ఉండవచ్చు.

ఈ పద్ధతిలో ఒక దెబ్బ కూడా తిన్నాను. షెడ్యూళ్లు ఎక్కువ అడగరనుకుని పదో షెడ్యూలును వదిలేస్తే, నమూనా పరీక్షలో 1985 నాటి ఫిరాయింపుల నిషేధం గురించి రెండు ప్రశ్నలు వచ్చాయి. అప్పటి నుంచి నోటుబుక్కు చివరి పుటలో వదిలేసిన వాటి పేరు, తేదీ, వదిలిన కారణం రాసి పెట్టుకుంటున్నాను. ప్రతి ఆదివారం ఆ జాబితా తీసి, కారణం నిలవని వాటిని ఆ రోజే చదివేస్తాను.