43 అంగుళాల టీవీ, 4,802 రూపాయల తేడా

మా హాల్లో కొత్త టీవీ గోడకెక్కింది. బొమ్మ బాగుంది, అత్తయ్య సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం ఆ ఈఎంఐ కౌంటర్ దగ్గర జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఫ్లాటు. దివాన్ కాట్‌కీ టీవీ గోడకీ మధ్య ఏడడుగులు. ఆ దూరానికి 43 అంగుళాలు చాలు. దాని వెడల్పు మూడడుగుల పైచిలుకు ఉంటుంది. 55 అంగుళాలదైతే నాలుగడుగులు. అది పెడితే మా కిటికీ రెక్క తెరుచుకోదు. ముందు ఇంట్లో టేపు పెట్టి కొలుచుకుని వెళ్లండి, లేకపోతే షాపులో ఉన్నవన్నీ చిన్నగానే కనిపిస్తాయి.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 32 అంగుళాల వాటి మీద అంతకుముందు నుంచీ 18 శాతమే. ఈ తగ్గింపునే చాలాచోట్ల షాపు ఆఫర్ అని చెబుతున్నారు. అది వాళ్లు ఇచ్చింది కాదు, పన్ను తగ్గింది. దాన్ని పక్కనపెట్టి, షాపు తరఫున ఏం తగ్గిస్తారో విడిగా అడగండి.

షాపుల్లో టీవీలన్నిటిలో పూలు, చేపలు, మంచుకొండలే తిరుగుతుంటాయి, అదీ రంగులు బాగా పెంచిన మోడ్‌లో. మా ఇంట్లో చూసేది కేబుల్ సీరియళ్లు, వార్తలు. అందుకే పిక్చర్ మోడ్ స్టాండర్డ్‌కి మార్చమన్నాను. నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి యూట్యూబ్‌లో ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా పెట్టించాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఒక టీవీలో హీరోయిన్ తెల్లచీర నీలంగా కనిపించింది, పక్కదాంట్లో పచ్చగా. మూడోదాంట్లో తెలుపు తెలుపుగానే ఉంది. పక్కకు జరిగి, మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే ఎంత ఏటవాలుగా కనబడుతుందో అంత పక్కనుంచి కూడా చూశాను. అక్కడా బొమ్మ వెలిసిపోలేదు. ర్యామ్ 2 జీబీ. ధర 25,990. అదే ఖాయం చేశాను. ఏడడుగుల నుంచి 43 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీకీ, అంతకన్నా ఎక్కువ చుక్కలతో బొమ్మ చూపించే 4కేకీ తేడా కంటికి పెద్దగా ఆనదు. ఇప్పుడీ సైజులో ఎక్కువగా 4కేలే దొరుకుతున్నాయి కాబట్టి అదే తీసుకున్నాను గానీ, ఆ స్టిక్కర్ కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

అంతవరకు బాగానే ఉంది. "వడ్డీ లేని ఈఎంఐ ఉంది మేడమ్" అని కౌంటర్‌కి పంపారు. అక్కడ కూర్చున్నది షాపు మనిషి కాదు, ఫైనాన్స్ కంపెనీ మనిషి. ఆధార్, పాన్ తీసుకున్నాడు, ఫోటో తీశాడు. "నెలకి 2,566, పన్నెండు నెలలు, డౌన్ పేమెంట్ లేదు. ఓటీపీ వచ్చింది, చెప్పండి" అన్నాడు.

నేను పదో తరగతికి లెక్కలు చెబుతాను. 2,566 పన్నెండుతో గుణిస్తే 30,792. టీవీ 25,990. మధ్యలో 4,802 రూపాయలు దేనికి అని అడిగాను. "అన్నీ కలిపి మేడమ్" అన్నాడు. ఏమిటా అన్నీ అంటే, "ముందు ఓటీపీ చెప్పండి, ఎస్సెమ్మెస్‌లో వివరాలన్నీ వస్తాయి" అన్నాడు. ఫోన్ తీసి మెసేజ్ మొత్తం చదివాను. ఓటీపీ అంకెలకి పైనే రాసి ఉంది, లోన్ మొత్తం 30,787 అని. టీవీ ధర కాదు. కాగితం చూపిస్తేగానీ ఓటీపీ చెప్పనన్నాను.

అప్పుడు గొంతు పెంచాడు. "పొద్దున్నుంచి ఇంతమంది తీసుకున్నారు, మీరొక్కరే ఇన్ని ప్రశ్నలేస్తున్నారు. మీవారిని తీసుకురండి, ఆయనకి చెబుతాను. కట్టలేకపోతే చిన్న టీవీ చూసుకోవచ్చుగా." నా వెనకాల నిలబడ్డది మా స్కూల్లో చదివే పిల్లవాడి నాన్న. ఆయన నేల చూపులు చూశారు. పక్క కౌంటర్ కుర్రాళ్లిద్దరు నవ్వారు. పన్నెండేళ్లుగా పిల్లలకు చక్రవడ్డీ నేర్పుతున్న దాన్ని, నా డబ్బు లెక్క నాకే తెలియదన్నట్టు, మగవాళ్లొస్తే చెబుతానన్నాడు. ముఖంలోకి రక్తం తన్నుకొచ్చింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే ప్రతి రిటైల్ టర్మ్ లోన్‌కీ, అంటే మనలాంటివాళ్లు తీసుకుని వాయిదాల్లో కట్టే అప్పుకీ, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే వివరాల కాగితం ఇవ్వాలి. ఫీజులు, ఇన్సూరెన్స్ ఖర్చులు అన్నీ కలుపుకుని ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. అదీ అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో. అది ఇవ్వండి అని పేరు పెట్టి అడిగాను. దాంతో ఫ్లోర్ మేనేజర్ వచ్చాడు. కాసేపటికి ప్రింటవుట్ వచ్చింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ 3,299, ప్రాసెసింగ్ ఫీజు 999, హెల్త్ ప్లాన్ 499. మిగిలిన ఐదు రూపాయలు నెల వాయిదాని పూర్తి రూపాయికి పెంచడంలో వచ్చినవి. టీవీ కొనడానికొచ్చిన మనిషికి హెల్త్ ప్లాన్! నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఓటీపీ చెప్పి ఉంటే అన్నిటికీ నేనే ఒప్పుకున్నట్టు.

"తీసేస్తాం మేడమ్, కూర్చోండి" అన్నాడు మేనేజర్. నాకు తీసేయడం అక్కర్లేదు. అప్లికేషన్ రద్దు చేయమన్నాను, రద్దయిందని మెసేజ్ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. క్షమాపణ మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఓటీపీ అంటే సంతకం. పూర్తి మొత్తం చూడకుండా ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా ఆడవాళ్లు. వరుసలో వెనకాల వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

చీటీ డబ్బులు చేతికొచ్చాక కొత్తపేటలో ఒక చిన్న షాపులో అదే మోడల్ తీసుకున్నాను, 25,300కి. ఆ షాపాయన పాత తరం మనిషి. "అమ్మా, స్టెబిలైజర్ కొనక్కర్లేదు, వెనక చూడండి" అని చూపించారు. లేబుల్ మీద 100–240 వోల్టులు అని ఉంది. అలా ఉంటే మామూలు ఓల్టేజీ హెచ్చుతగ్గుల్ని టీవీయే తట్టుకుంటుంది. పిడుగులు పడే రోజున ప్లగ్ మాత్రం తీసేయమన్నారు. పెద్ద షాపులో ఇదే ప్రశ్నకి 2,000 రూపాయల స్టెబిలైజర్ తెచ్చి టీవీ పక్కన పెట్టారు.

బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకున్నాను, పెట్టె మీదున్నదానితో సరిచూసుకున్నాను. గోడకి బిగించడానికి కంపెనీ మనిషి వచ్చాడు. స్టాండ్ పెట్టెలోనే ఉంది కాబట్టి విడిగా డబ్బు తీసుకోలేదు. కొన్ని కంపెనీలవాళ్లు స్టాండ్ ఇవ్వరు, ముందే అడగండి. అతను వెళ్లేలోగా కేబుల్ బాక్స్, హెచ్‌డీఎమ్ఐ పోర్టులు, వైఫై అన్నీ అతని ముందే వేసి చూశాను.

ఫైనాన్స్ కంపెనీకి జరిగినదంతా రాసి మెయిల్ పెట్టాను, ప్రింటవుట్ ఫోటోతో సహా. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారికి రాస్తాను. షాపు మీద 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను. మీకూ అడగని ప్లాన్లు అంటగట్టి ఉంటే పాత లోన్ కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి.