అద్దె బండి మీద అరకు వైపు జలపాతాలు

పోయిన అక్టోబర్లో నేనూ మా బామ్మర్దీ వైజాగ్‌లో బండి అద్దెకి తీసుకుని మూడ్రోజులు అరకు వైపు తిరిగొచ్చాం. వాడు స్కూటీ చాలు బావా అన్నాడు గానీ నేను గేర్ల బండే కావాలని పట్టుబట్టా, ఎందుకంటే ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది, ఎక్కేటప్పుడు ఏదైనా ఎక్కుతుంది, దిగేటప్పుడు రెండో గేర్లో వదిలి ఇంజిన్‌తో ఆపుకోకపోతే బ్రేకులు కాలిపోతాయి. తీసుకునే ముందు బండి చుట్టూ తిరిగి గీతలన్నీ కనపడేలా వీడియో తీసుకున్నా, షాపతనికి అది నచ్చలేదు, మొహం మాడ్చుకున్నాడు.

మొదటిరోజు కటికి జలపాతం. బొర్రా గుహల దగ్గర్నుంచి జీపుల్లో తీసుకెళ్తారు, మేం మాత్రం బండి మీదే పోదామని బయల్దేరాం, అదేమో రోడ్డు కాదు, గుండ్రాళ్ళు పోసిన వాగులా ఉంది. సగం దూరంలో బామ్మర్ది దిగి వెనక నడుస్తూ తోస్తున్నాడు, ఎదురొచ్చిన జీపు డ్రైవరు ఆపి, "అన్నా, బండి ఇక్కడే పెట్టేసి నడిచిపోండి, ఇంజిన్ చాంబర్ పగిలితే మీకే కదా ఖర్చు" అన్నాడు. పెట్టేశాం. దారిలో రైలు పట్టాలు దాటాలి, కొత్తవలస కిరండూల్ లైను అది, బైలడిల్లా నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు ఒకటి మా ముందు నుంచే పోయింది, ఎంతకీ అవ్వదే, వ్యాగన్ల మీద ఎర్ర దుమ్ము. ఆ తర్వాత జలపాతం. కింద నిలబడితే తుంపర్లకి కళ్ళజోడు పనికిరాదు, నీళ్ళు మాత్రం ఐసే. పైకొచ్చాక ఒకామె దగ్గర బొంగులో చికెన్ తిన్నాం, వెదురు బొంగు చీల్చగానే వచ్చే ఆ ఆవిరి వాసన ఉంది చూడండి, దానికోసం ఇంకోసారి ఆ రాళ్ళల్లో తోయమన్నా తోస్తా.

రెండోరోజు డుంబ్రిగుడ దగ్గర చాపరాయి. దాన్ని జలపాతం అనడం నాకైతే కొంచెం ఎక్కువే, పెద్ద బండ మీద నీళ్ళు జారుతుంటాయి అంతే, పిల్లలకి సరదా. కానీ నాచు పట్టిన చోట కాలు పెడితే పడ్డామన్నమాటే, బామ్మర్ది జీన్స్ అక్కడే చిరిగింది.

మూడోరోజు ముంచంగిపుట్టు మీదుగా డుడుమ జలపాతం. నాకు అసలు దీనికోసమే ఈ ట్రిప్. మాచ్‌ఖండ్ నది దాదాపు 175 మీటర్ల ఎత్తునుంచి పడుతుంది, అటువైపు ఒడిశా. అయితే అక్కడి నీళ్ళని 1955లో మొదలైన కరెంటు ప్రాజెక్టుకి మళ్ళిస్తారు కాబట్టి ఎండాకాలంలో వెళ్తే బండ మాత్రమే కనపడి ఊరుకుంటుంది, వానలు పడ్డాకే పోవాలి. మాకు అదృష్టం, నీళ్ళున్నాయి, లోయ నిండా పొగలా లేస్తోంది, సిగ్నల్ లేదు, ఇద్దరం గంటసేపు మాట్లాడుకోలేదు కూడా.

తిరిగొచ్చి బండి అప్పజెప్తే షాపతను ట్యాంకు మీద గీత చూపించి వెయ్యి కట్ చేస్తానన్నాడు. ముందే తీసుకున్న వీడియో చూపించా. డిపాజిట్ ఇచ్చేశాడు గానీ సైలెన్సర్‌కి అంటిన మట్టి కడగడానికని వంద మాత్రం పట్టుకున్నాడు.