మోకాల్లో చీము పడితే

మోకాలు ఒక్కసారిగా వాచి, వేడెక్కి, జ్వరంతో కాలు మడవలేకపోతే, వాతమని పసరు కట్టు కట్టించి కూర్చోకండి. కీలులో చీము పడితే మృదులాస్థి (ఎముకల చివర ఉండే మెత్తటి పొర) రోజుల్లోనే పాడవుతుంది. పోయింది తిరిగి రాదు.

ముందు పరీక్షకు కీలులోని నీరు సూదితో తీయాలి, ఆ తర్వాతే యాంటీబయాటిక్. బీపీ పడిపోతుంటే మాత్రం యాంటీబయాటిక్ ఇవ్వడానికి ఆగకూడదు. మన పల్లెల్లో ఇది తిరగబడుతుంది: ఊళ్లోనే రెండు యాంటీబయాటిక్ సూదులేసి శ్రీకాకుళం పంపిస్తారు, ఇక కల్చర్‌లో (ఏ క్రిమో తేల్చే పరీక్షలో) చాలాసార్లు ఏమీ పెరగదు. సన్న సూదికి చిక్కటి చీము రాదు, లావుపాటి 18 గేజ్ సూది కావాలి. ఆ నీటిలో తెల్లకణాలు మైక్రోలీటరుకు 50 వేలు దాటితే అనుమానం గట్టిపడుతుంది, తక్కువున్నాయని వదిలేయడానికీ లేదు.

కెమెరాతో చూస్తూ కీలును కడిగే ఆపరేషన్, ఆర్థ్రోస్కోపీకి సెంటీమీటరు లోపు గాట్లు రెండు మూడు చాలు. ఒకదాంట్లోంచి 4 మిల్లీమీటర్ల కెమెరా, ఇంకోదాంట్లోంచి షేవర్ (గీకి తీసే పరికరం). సెలైన్ మామూలుగా 9 లీటర్లు, ఒక్కోసారి 12 కూడా పడుతుంది. అయితే కడిగితే సరిపోదు. చిప్ప పైనున్న సంచిలో, పక్క సందుల్లో పెరుగు తరకల్లా అతుక్కున్న పొరను గీకి తీయాలి. అది మిగిలిందా, రెండు మూడు రోజుల్లో జ్వరం, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) మళ్లీ లేస్తాయి. రెండోసారి కడగాలంటే ఆపరేషన్ ఫెయిలైందని గొడవపడకండి. ఎముక దాకా తినేస్తే మాత్రం కోసి తెరవడమే నయం.

యాంటీబయాటిక్ సాధారణంగా 4 నుంచి 6 వారాలు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు తప్పకుండా చూపించాలి. జెంటామైసిన్, వాంకోమైసిన్ డోసులు, నొప్పి మాత్రలు అన్నీ దాన్నిబట్టే.

డ్రెయిన్ (లోపలి ద్రవం బయటికి పోయేందుకు పెట్టిన గొట్టం) తీశాక మోకాలు మడవడం మొదలెట్టాలి. నొప్పని కింద దిండు పెట్టి వదిలేస్తే బిగిసిపోతుంది.