చీకటితో ముగిసే కీర్తన

2023 ఎండాకాలంలో మొదలైంది నడుంనొప్పి. విశాఖపట్నం జ్ఞానాపురంలో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. రోజంతా వంగి కూర్చుంటే నొప్పి రాక ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఓ ప్రైవేటు డాక్టరు డిస్కు అరిగిందని నొప్పి బిళ్లలు రాశాడు. మూడు నెలలు మింగాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి దిండు తడిసేది, యాభై కిలోల నుంచి నలభై రెండుకి దిగిపోయాను. ఇవన్నీ ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆగస్టులో ఓ పొద్దున్న మిషన్ తొక్కుతుంటే కుడికాలు తిమ్మిరెక్కి పెడల్ మీద నిలవనంది.

మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) డౌన్‌లో ఆటో దిగాక మా తమ్ముడు నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఆ ఆసుపత్రికి ఆ ఏడాదే నూరేళ్లు నిండాయి. ఎమ్మారై తీస్తే వీపు మధ్య రెండు ఎముకలు పుచ్చి, పక్కన చీము చేరిందని తెలిసింది. సూదితో ఆ చీము తీసి పరీక్షకు పంపారు. టీబీ. దగ్గుతో ఊపిరితిత్తులకే వస్తుందనుకునేదాన్ని, వెన్నెముకకీ వస్తుందని అప్పుడే విన్నాను. నడుంనొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే దయచేసి నొప్పి బిళ్లలతో సరిపెట్టుకోకండి.

మందులు ఉచితంగానే ఇచ్చారు. నా బరువుకి రోజూ మూడు బిళ్లలు, పరగడుపున. ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా ఆరు నెలలైతే, వెన్నెముకకి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ. మొదటిరోజు ఒంటికి వెళితే ఎర్రగా వచ్చింది. రక్తమని ఏడ్చేశాను. "మందు రంగేనమ్మా, భయపడకు" అంది సిస్టరు.

ఇంటికొచ్చాక రెండు నెలలు మంచం దిగనివ్వలేదు. పక్కకి తిరగాలంటే దుంగని దొర్లించినట్టు అమ్మ, తమ్ముడు కలిసి మనిషిని మొత్తంగా ఒక్కసారే తిప్పాలి. పైన రేకుల కప్పు. మేకుల చుట్టూ తుప్పు మరకలు, నా మంచం పైన పదకొండు. రాత్రిళ్లు స్టేషన్‌లో రైళ్ల కూతలు వింటూ ఆ మరకలు లెక్కపెట్టేదాన్ని. ప్రార్థన చేద్దామంటే మాట వచ్చేది కాదు.

మా చర్చి సంఘంలోవాళ్లు వంతులేసుకుని గుడ్లు, పాలు తెచ్చేవారు. పోషకాహారానికని ప్రభుత్వం నెలకి 500 రూపాయలు వేసేది గానీ, నన్ను నిలబెట్టింది ఆ గుడ్లే. ఒకరోజు ప్రార్థనకని వచ్చిన ఒకాయన మాత్రం, "నీలో దాచుకున్న పాపమేదో ఉందమ్మా, ఒప్పుకో. విశ్వాసముంటే ఈ బిళ్లలెందుకు?" అన్నాడు. ఆ రాత్రి తెల్లవార్లూ నా బతుకంతా తవ్వుకున్నాను. పొద్దున్న అమ్మ బిళ్లలు తెస్తే మొహం తిప్పుకున్నాను.

"ఏటే పిల్లా, ఈ బిళ్ల దేవుడు పంపకపోతే ఎవుడు పంపినాడనుకున్నావు? నోరు తెరు" అంది అమ్మ. తెరిచాను. ఆ తర్వాత ఒక్కరోజు కూడా మానలేదు.

ఈ సంగతి తెలిసి మా పాస్టరుగారు వచ్చారు. స్వస్థత వాక్యమేదో చదువుతారనుకున్నాను. 88వ కీర్తన తీశారు. మొరపెట్టే కీర్తనలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. చదివి, బైబిలు మూసి, నా మంచం పక్కనే చాలాసేపు ఊరికే కూర్చున్నారాయన. లేచేముందు, "బైబిల్లో అన్ని కష్టాలు పడ్డ యోబుని పాపం ఒప్పుకోమన్న స్నేహితుల మీదే చివరికి దేవుడికి కోపమొచ్చిందమ్మా" అన్నారు.

ఆ రాత్రి నాకు మాట వచ్చింది. ప్రభువా, నొప్పిగా ఉంది, ఎక్కడున్నావు, నా కాలెందుకు తీసుకున్నావు అని గట్టిగానే అడిగాను. జవాబు రాలేదు. కానీ అడుగుతున్నంతసేపూ ఒంటరిగా లేను. సిలువ మీద ఆయన కూడా నన్నెందుకు విడిచావనే కదా అడిగాడు! ఫిర్యాదు చేస్తే విశ్వాసం పోతుందని ఇన్నాళ్లూ నాకెవరు నేర్పారో తెలియదు. నా విశ్వాసమంతా ఆ ఫిర్యాదులోనే బతికింది.

క్రిస్మస్‌కి నడుముకి బెల్టు బిగించుకుని, వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. వీధిలో ఇంటింటికీ నక్షత్రాలు వెలుగుతున్నాయి. పద్నాలుగు నెలలకి, 2024 నవంబరులో మందులు ఆపేశారు. వీపు మధ్య చిన్న గూను మిగిలింది, అది పోదు. కుడికాలు ఇంకా కాస్త ఈడుస్తాను. రోజుకి రెండు జాకెట్లు కుడుతున్నాను.

ఆ డిసెంబరులో ఓ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. నాకు జరిగింది చెప్పి, 88వ కీర్తన మొత్తం చదివి, ఆ చివరి మాట దగ్గరే ఆపేశాను. వెంటనే ఎవరూ ఆమెన్ అనలేదు. ఆరాధన అయ్యాక, ఆ ఏడాదే కొడుకుని పోగొట్టుకున్న ఓ పెద్దామె తన బైబిలు నా చేతికిచ్చింది.

"అదెక్కడుందో నాకు దొరకదు. కాగితం మడతెట్టియ్యమ్మా" అంది.

మడతపెట్టి ఇచ్చాను.