ఇల్లు కొలిచే ముందు ఇంట్లోవాళ్ళని కొలవండి

ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నానని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలందరూ అడిగేది ఒకటే, హాల్లో ఏ రంగు వేయించాలి అని. రంగు గురించి నేను చెప్పాల్సింది పెద్దగా లేదు, గోడ మీద రెండడుగుల మేర వేయించుకుని పొద్దున ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూసుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. ఈ చదువులో నాకు నిజంగా కళ్ళు తెరిపించింది ఎత్తులు. వంటగట్టు ఎంత ఎత్తుండాలి, కుర్చీ ఎంత ఎత్తుండాలి, అద్దం, కొక్కెం, స్విచ్‌బోర్డు ఎంతెంత ఎత్తులో ఉండాలి. మేం మియాపూర్‌లో ఒక పాత ఫ్లాట్ కొనుక్కుని సర్దుకుంటున్న రోజుల్లోనే నా డిప్లొమా కూడా నడుస్తోంది కాబట్టి క్లాసులో విన్నదాన్ని ఇంటికొచ్చి టేపు పట్టుకుని సరిచూసుకునే వీలు దొరికింది. ఇల్లు సర్దుకుంటున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ఆంత్రోపోమెట్రీ అని మాకొక పేపరుంది. మనిషి ఒంటి కొలతలు, నిలబడితే ఎంత, కూర్చుంటే ఎంత, చెయ్యి చాపితే ఎంత, అదే అందులో విషయం. అక్కడే లె కార్బూజియే అనే ఆర్కిటెక్ట్ తయారుచేసిన మాడ్యులోర్ అనే కొలతల పద్ధతి గురించి చెప్పారు. 1940లలో ఆయన ఒక మనిషి ఎత్తుని ప్రమాణంగా తీసుకుని భవనాల కొలతలన్నీ దాన్నుంచే లాగాలనుకున్నాడు. మొదట ఆ మనిషి 1.75 మీటర్లు, తర్వాత 1.83 అయ్యాడు, అంటే సరిగ్గా ఆరడుగులు. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో అందగాళ్ళు, అంటే పోలీసులూ వాళ్ళూ, ఎప్పుడూ ఆరడుగులుంటారు కదా అన్నది ఒక కారణమట! అది విన్న రోజు నాకు మా వంటింట్లో అమ్మ గుర్తొచ్చింది. అమ్మ 5 అడుగుల 1 అంగుళం. నానమ్మ 4 అడుగుల 8. ఇంట్లో ఆరడుగులకి దగ్గరగా ఉన్నది తమ్ముడొక్కడే, వాడు వంటింట్లోకి వచ్చేది ఫ్రిజ్ తియ్యడానికి. మన దేశం మనుషుల కొలతలు కూడా ఉన్నాయి, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో దేబ్‌కుమార్ చక్రవర్తి గారు చేసిన కొలతల్ని పుస్తకంగా వేసింది, మా క్లాసులో అందరం వాడేది అదే. కానీ ఇల్లు కట్టుకునేవాడికి పుస్తకం కూడా అక్కర్లేదు, టేపూ ఇంట్లోవాళ్ళూ ఉంటే చాలు.

వంటిల్లు కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మేం ఎక్కువ ఆలోచించిందీ ఎక్కువ ఖర్చు పెట్టిందీ అక్కడే. పాత ఓనర్లు గట్టు 36 అంగుళాల ఎత్తులో కట్టించుకున్నారు, కింద కడప రాయి, పైన నల్ల గ్రానైట్, మంచి పనే. అమ్మ వచ్చిన మొదటి వారం నుంచీ భుజం లాగేస్తోంది అంటోంది, నాన్న వయసు అన్నారు, డాక్టరు కాల్షియం రాశారు. నేను ఒక రోజు అమ్మ సాంబారు కలుపుతుంటే పక్కన నిలబడి కొలిచాను. గట్టు 36, దాని మీద స్టవ్ నాలుగున్నర, దాని మీద సాంబారు గిన్నె ఎనిమిది, మొత్తం 48న్నర అంగుళాలు. అమ్మ భుజం నేల నుంచి 50. అంటే ఆవిడ రోజూ గరిటెని ఇంచుమించు భుజం ఎత్తుకి లేపి, మోచేయి గాల్లో పెట్టి తిప్పుతోందన్నమాట. ఇంకా కుక్కర్ పెట్టినప్పుడైతే మునివేళ్ళ మీద లేస్తోంది.

నిలబడి చేసే మామూలు పనికి గట్టు మోచేతి కంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందుండాలి, చపాతీ ఒత్తడం లాంటి బలం పెట్టే పనికి ఇంకాస్త కిందకి. అమ్మ మోచేయి చెప్పుల్లేకుండా 38. కాబట్టి కూరలు తరిగే చోటు 33 సరిపోతుంది. స్టవ్ పెట్టే చోటు ఇంకా దిగాలి, స్టవ్ ఎత్తూ గిన్నె ఎత్తూ పైన కలుస్తాయి కదా, అందుకని 30 అనుకున్నాం. సింక్ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది, గిన్నెలు తోమేది గట్టు మీద కాదు, ఎనిమిది అంగుళాలు కిందున్న సింక్ అడుగున, అందుకని అక్కడ పాత 36ని ముట్టుకోలేదు, ఆ మేరకి డబ్బులూ మిగిలాయి. నడుం నొప్పి వచ్చేవాళ్ళ ఇళ్ళల్లో ఒకసారి సింక్ చూడండి, తొంభై శాతం ఆరోపణ స్టవ్ మీదకి పోతుంది గానీ వంగేది సింక్ దగ్గరే.

మేస్త్రికి ఇది అస్సలు నచ్చలేదు. "గట్టంతా ఒక్క లెవెల్లో ఉంటేనే అందం మేడం, మెట్లు మెట్లుగా ఉంటే చూసినవాళ్ళు నన్ను తిడతారు, పైగా తుడిచిన నీళ్ళు సింక్‌లోకి ఎట్లా పోతాయి" అన్నాడు. రెండో మాట నిజమే. నీళ్ళు పల్లానికే పోతాయి, మాకు పల్లం స్టవ్ వైపుంది. అందుకని ముందు అంచు మీద నీళ్ళు కిందకి కారకుండా సన్నగా ఎత్తు తీయించాం, గుడ్డతో తుడుచుకుంటాం, అంతే. స్టవ్ మీంచి పెద్ద గిన్నెని పక్కకి జరపడం కుదరదు, ఎత్తాలి, అది కూడా ఒక లోటే, నేను దాచట్లేదు. మెట్టు వచ్చిన చోట గ్రానైట్ మూలలు మాత్రం గుండ్రంగా తిప్పించండి, మణికట్టు అక్కడే తగులుతుంది. పని పూర్తయ్యాక మేస్త్రి తనే స్టవ్ ముందు నిలబడి చెయ్యి తిప్పి చూసుకుని, వాళ్ళావిడ ఎత్తు ఎంతుంటుందో చేత్తో చూపించి, "మరి దీనికెంత పెట్టాలి" అని అడిగాడు. నాకా ఒక్క మాట చాలు. అమ్మ భుజం పూర్తిగా తగ్గిపోయిందని చెప్పను, రాత్రి పడుకునే ముందు బామ్ కోసం వెతుక్కోవడం మాత్రం మానేసింది.

వంటింటి లైటు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన ఇళ్ళల్లో వంటింటి ట్యూబ్‌లైట్ తలుపు పైనో, మధ్య గోడకో ఉంటుంది, గట్టు దగ్గర నిలబడితే అది మన వీపు వెనక్కి వస్తుంది. ఉల్లిపాయ తరుగుతుంటే మన తల నీడ సరిగ్గా తరిగే చెక్క మీద పడుతుంది. ఎన్ని వాట్ల బల్బు మార్చినా ఆ నీడ పోదు. పై అల్మారా అడుగున, గోడవైపు కాకుండా మన వైపు అంచుకి ఒక ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టిస్తే పోతుంది, మా ఇంట్లో పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇంకెక్కడా రాలేదు. లైటు రంగుని కెల్విన్లలో చెప్తారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు. ఇక్కడికి 4000 కెల్విన్ తీసుకోండి, పప్పులో రాయీ బియ్యంలో పురుగూ కనిపించాలి. హాల్లో, పడగ్గదుల్లో 3000 పెట్టించాను. బల్బు డబ్బా మీద 6500 అని ఉండే తెల్లటి లైటు ఇంటినిండా పెట్టుకుని రాత్రి పదింటికి పిల్లలు పడుకోవట్లేదంటే నాకు జాలేస్తుంది.

ఇక సోఫా. ఒక షోరూంలో మాకు చూపించినవన్నీ కూర్చుంటే కిందకి దిగిపోయే రకం, సీటు ఎత్తు 15 అంగుళాలు, లోతు 24. నానమ్మని కూర్చోబెడితే వీపు ఆనలేదు, ఆనేలా వెనక్కి జరిగితే కాళ్ళు నేలకి అందలేదు, లేవడానికి ఇద్దరు చెరో చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. అక్కడి అబ్బాయి అది ఇటాలియన్ మోడల్ అని చాలా ఓపిగ్గా చెప్పాడు, ఆ అబ్బాయి తప్పేం లేదు. పెద్దవాళ్ళున్న ఇంట్లో సీటు గట్టిగా, 17 అంగుళాల ఎత్తులో, 20కి మించని లోతులో, చేతులు పట్టుకుని లేవడానికి వీలుగా గట్టి చెక్క చేతులతో ఉండాలి. అందుకే మేం సోఫా కొనకుండా పాత టేకు కుర్చీలకి కొత్తగా నవారు అల్లించి, కుషన్లకి మంగళగిరి నూలు గుడ్డ కుట్టించాం. నానమ్మ కుర్చీ కాళ్ళు మాత్రం, ఆవిడ పాదాలు నేలకి ఆనేలా, అంగుళంన్నర కోయించాం. టేకు కోస్తుంటే నాన్న మొహం చూడలేకపోయాను, కానీ ఇప్పుడు నానమ్మ తనంతట తను లేస్తుంది, కూర్చుంటుంది, ఎవర్నీ పిలవదు.

బీరువాల దగ్గర అందరూ పోగొట్టుకునేది లోతు. హ్యాంగర్‌కి 24 అంగుళాల లోతు కావాలి, నిజమే, కానీ మన ఇళ్ళల్లో బట్టల్లో సగం మడతపెట్టే చీరలు, దుప్పట్లు. మడత చీరకి 15 అంగుళాల లోతు చాలు. 24 అంగుళాల అరలో చీరలు పెడితే వెనక వరసలో ఉన్నవి పెళ్ళిళ్ళకి తప్ప బయటికి రావు, మడత దగ్గర జరీ చిట్లుతుంది. అమ్మ బీరువా సగం లోతుగా, సగం లోతు తక్కువగా చేయించి, మిగిలిన చోటు వెనక్కి తిప్పి హాలు వైపు పుస్తకాల అర చేశాం. ప్లైవుడ్ విషయంలో ఒక్క మాట, షీటు మీద ముద్ర చూసి తీసుకోండి. ఐఎస్ అంటే ఇండియన్ స్టాండర్డ్, ఐఎస్ 303 అని ఉంటే పొడి గదులకి, ఐఎస్ 710 అని ఉంటే నీళ్ళు తగిలే చోట్లకి, దాన్ని 72 గంటలు నీళ్ళలో ఉడకబెట్టి పరీక్షిస్తారు. 303లో కూడా కాస్త నీళ్ళు తట్టుకునే గ్రేడు వేరే ఉంది, కాబట్టి గ్రేడు కూడా చదవండి. ఇల్లంతా 710 వేయించమనేవాళ్ళ మాట వినక్కర్లేదు, సింక్ కిందా బాత్రూం గోడకి ఆనేచోటా వేయిస్తే చాలు.

పాత ఇళ్ళల్లో చిలకకొయ్యలు ఉండేవి గుర్తుందా? తువ్వాలు, కండువా, సంచి, గొడుగు, ఒకసారి వేసుకుని ఇంకోసారి వేసుకోవాల్సిన చొక్కా అన్నీ దానికే. ఫ్లాట్లలో లక్షలు పోసి వార్డ్‌రోబ్‌లు చేయిస్తారు గానీ ఆ ఒకసారి వేసుకున్న చొక్కాకి చోటు ఎవరూ గీయరు. ఉతికిన బట్టల్లో కలపలేం, ఉతుకుడు బుట్టలో వెయ్యలేం, అందుకే ప్రతి పడగ్గదిలో ఒక కుర్చీ బట్టల కుప్ప అవుతుంది. నా డ్రాయింగుల్లో ప్రతి గది తలుపు వెనక ఒక కొయ్యల వరస గీస్తాను. మా ఇంట్లో అవి ఏటికొప్పాక లక్క పనివి, అంకుడు కర్రని తిప్పుతూ రంగు లక్క పూసి చేస్తారు. నానమ్మవి 4 అడుగుల దగ్గర, నాన్నవి 5న్నర దగ్గర. సొరుగుల పిడులు కూడా అక్కడివే, స్టీలు పిడుల్లా చేతికి చల్లగా తగలవు.

ఫాల్స్ సీలింగ్ వేయించలేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు, అంటే తొమ్మిది అడుగులు ఉండాలంటుంది, మా స్లాబు కింద ఉన్నది దానికంటే బెత్తెడే ఎక్కువ. దాన్ని ఇంకా తగ్గించి, ఫ్యాను నెత్తి మీదకి తెచ్చుకుని, ఏప్రిల్, మే నెలల్లో ఏసీ బిల్లు కట్టుకోవడం ఎందుకు? ఆ డబ్బుతో పడమటి బాల్కనీకి బయటివైపు వెదురు తడికలు కట్టించాం. ఎండని అద్దానికి బయటే ఆపాలి, లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అప్పటికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది. హాల్లో కార్పెట్ బదులు వరంగల్ జంపఖానా, నూలుది, బరువు లేదు, దుమ్ము పడితే దులిపి ఉతుక్కోవచ్చు, 2018లో దానికి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మార్బుల్ మీద జారకుండా కింద పల్చటి రబ్బరు వల తప్పకుండా వెయ్యండి.

నానమ్మ బాత్రూంలో పట్టుకునే కడ్డీ బిగించడానికి వచ్చిన ప్లంబర్ 36 అంగుళాలు అని గుర్తుపెట్టబోయాడు. నానమ్మనే కూర్చుని లేవమన్నాం, చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ పెన్సిల్‌తో గీశాం, 29 వచ్చింది. టైల్ వెనక ఇటుక తగిలేదాకా డ్రిల్ చేయించండి, టైల్‌కి మాత్రమే బిగిస్తే మనిషి బరువుకి ఊడి చేతికొస్తుంది, అసలు లేకపోవడమే నయం.

తమ్ముడి గది ఒక్కటే మిగిలింది. వాడు రెడీమేడ్ టేబుల్ లింకులు పంపుతూనే ఉన్నాడు, అన్నీ 30 అంగుళాలవే. వాడి 5 అడుగుల 11 అంగుళాలకి, రోజంతా ల్యాప్‌టాప్ ముందుండే పనికి ఏ ఎత్తు సరిపోతుందో వాడిని కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే గానీ చెప్పలేను. దసరాకి వస్తానన్నాడు, అప్పటిదాకా ఏమీ ఆర్డర్ పెట్టొద్దని చెప్పాను.